ఒకే పేరు గల ఇద్దరు



చాలా రోజులకు మళ్ళీ ఒక టపా. మోకాళ్ళ నొప్పులు, ముసురు, కరెంటు కోతలు అని సాకులు చెప్పదలచుకొంటే చాలా ఉన్నవి గాని, అసలు కారణం వేరు. ఒక విషయం మూడు నెలలుగా మనసులో అడ్డంగా పడుకొని మరి దేనినీ వ్రాయనివ్వడం లేదు. అది కంప్యూటరు ప్రోగ్రాములలో వాడే పేర్లకు సంబంధించినది. తెలుగు పంతులుకు ఆ గొడవ ఎందుకని కొత్తవారు అడుగవచ్చు. పాతమిత్రులకు నా సంగతి తెలిసినదే. 2007లో లేఖినిలో తెలుగు కొట్టడం నేర్చుకొన్న తరువాత, పాత ఫాంటులలో టైపు చేయించుకొన్న నా వ్యాసాలన్నిటినీ యూనికోడులోకి మార్చుకోవాలనే ఆశతో, యాభయ్యో ఏటికి దగ్గర పడుతూ సీ భాష మొదలుపెట్టాను. ఆ ప్రోగ్రాము పనిచేసింది గాని క్రావడిని మాత్రం అప్పుడప్పుడు మింగేసేది. ఆ రోజులలో మీలో కొందరు వ్యాఖ్యలలో ఓపికగా నేర్పిన విద్యయే ఇప్పుడు అక్కరకు వచ్చినది.

మా మేనల్లుడు, అనగా నా భార్య తమ్ముని కొడుకు, ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అది విడిచి వచ్చి అమలాపురంలో ఒక గది అద్దెకు తీసుకొన్నాడు. అక్కడ చిన్న చిన్న యంత్రాలు చేస్తుంటాడు. వాటిలో ఒకటి రొయ్యల చెరువుకు రాత్రి కాపలా కాసేది. కోనసీమ బయటి మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. 2009లో వెనామీ రొయ్యను మన దేశంలో పెంచడానికి అనుమతి వచ్చిన తరువాత మా ప్రాంతంలో వరిచేలు ఎన్నో చెరువులైపోయినవి. (నాకది నచ్చదు. ఆ జగడం ఇంకొక టపాలో.) చెరువు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు తగ్గకుండ చూసుకోవాలి. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ప్రాణవాయువును విడుస్తుంది. చీకటి పడిన తరువాత అదే నాచు రొయ్యలతోపాటు తానూ పీల్చుకొంటుంది. అందుచేత కోడికూత వేళకు నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు చేరుతుంది. అప్పుడు ఏరియేటర్లు, అంటే నీటిని చిలికే చక్రాలు, ఆగకుండ తిరగాలి. చక్రం ఆగి, కాపలావాడు కూడ కునుకు తీసినాడా, తెల్లవారేసరికి పంట ఉండదు.

వాడి యంత్రం చేసే పని చిన్నదే. నీటిలో ముంచిన కొలమానం ఇరవై సెకన్లకొకసారి ప్రాణవాయువును కొలుస్తుంది. వరుసగా ఐదుసార్లు తక్కువ వస్తే సైరను మ్రోగుతుంది. ఒక్కసారి తక్కువ వచ్చినంత మాత్రాన మ్రోగదు, ఎందుకంటే కొలమానానికి బురద అంటుకొన్నా అలాగే చూపిస్తుంది. ఇది గాక సిమ్ కార్డు గల మోడెమ్ ఒకటి రైతు ఫోనుకు సందేశాలు పంపుతుంది.

రాజోలు వైపు ఒక రైతు ఎకరం చెరువు గట్టున ఆ యంత్రం పెట్టించుకొన్నాడు. నెల తిరగకముందే ఒకనాటి తెల్లవారుజామున రెండు ఏరియేటర్లు ఆగిపోయినవి. సైరను మ్రోగలేదు. డెబ్బై రోజుల పంట. మావాడు మధ్యాహ్నానికి అక్కడికి చేరి యంత్రం నమోదు చేసుకొన్న అంకెలు తీసి చూశాడు. రెండు గంటలపాటు ప్రతి ఇరవై సెకన్లకూ అది "తక్కువ, తక్కువ" అని వ్రాసుకొంటూనే ఉంది. నోరు మాత్రం విప్పలేదు. రైతు తిట్టలేదట. "నీ మిషను ఉంది గదా అని పడుకున్నాం బాబూ" అన్నాడట, అంతే. తిట్టినా బాగుండేదని మావాడు అన్నాడు.

తండ్రికి ముఖం చూపించలేక తిన్నగా కొత్తపేట దగ్గరున్న మా ఇంటికి వచ్చి వీధి అరుగు మీద కూర్చొన్నాడు. మా ఆవిడ భోజనానికి పిలిస్తే "తరువాత తింటానత్తయ్యా" అంటాడు, తినడు. రెండో రోజున "ఒరేయ్, ఆ ప్రోగ్రామేదో కాగితం మీద అచ్చువేసి పట్రా, ఇద్దరం చదువుదాం" అన్నాను. పదకొండు ఫైళ్ళు. కొత్తపేటలో జిరాక్సు అంగడివాడు పుస్తకంలా కుట్టించి ఇచ్చాడు.

చదవడం మొదలుపెట్టగానే నన్ను మొదట ఆపినవి గ్లోబల్ వేరియబుల్స్. మన గణిత పుస్తకాలలో వేరియబుల్‌ను చరరాశి అంటారు గనుక నేను వీటిని సార్వత్రిక చరరాశులు అంటాను. ఒక ఫంక్షను లోపల పుట్టి అందులోనే పోయేవి కొన్ని. ఏ ఫంక్షనులోనూ లేక ఫైలు నెత్తిన కూర్చొని, ప్రోగ్రాము నడిచినంతకాలం బ్రతికి, ఎవరైనా చదవడానికీ ఎవరైనా మార్చడానికీ వీలైనవి ఈ సార్వత్రికాలు. ఊరి మంచినీళ్ళ చెరువు వంటివి. అందరూ ముంచుకోవచ్చు, ఎవరైనా గేదెను దింపవచ్చు. అట్టివి మావాడి ప్రోగ్రాములో నలభై ఒకటి ఉన్నవి.

"ఇన్నెందుకురా?" అన్నాను, పరీక్షపత్రం దిద్దుతున్న ధోరణిలో.

తప్పదన్నాడు. వాడు చెప్పింది విన్న తరువాత నాకూ తప్పదనిపించింది. ఆ చిప్పులో పని చేసుకొనే మెమొరీ మొత్తం 2 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ టపా అందులో పట్టదు, తెలుగులో ఒక్కొక్క అక్షరచిహ్నానికి మూడేసి బైట్లు గదా. అడిగినప్పుడల్లా మెమొరీని పంచిపెట్టే విధానం అంత ఇరుకులో ప్రమాదం కాబట్టి, ఎవరి చోటు వారికి మొదటనే కేటాయించి పెడతారు. పైగా ఇంటరప్టులని ఉన్నవి. గడియారమో మోడెమో తలుపు తట్టగానే చేస్తున్న పని ఆపి హార్డువేరు పిలిచే ఫంక్షన్లు అవి. వాటిని మనం పిలవము గనుక చేతికి ఏమీ అందించలేము, అవి మనకు ఏమీ తిరిగి ఇవ్వలేవు. కబురు మారవలసినది ఆ ఊరిచెరువు గట్టు మీదనే. పెద్ద ఊళ్ళలో ఆడుకొనే పిల్లలు "గ్లోబల్స్ వాడకూడదు" అని సూక్తులు చెప్పవచ్చును గాని, ఇనుముకు ఇంత దగ్గరగా పనిచేసేవాడికి ఆ భాగ్యం లేదు.

ఐతే ఉండడం వేరు, వాటి పేర్లు వేరు. ఫ్లాగ్, ఫ్లాగ్ రెండు, టెంప్, వాల్, కౌంట్! టెంప్ అంటే ఉష్ణోగ్రతయా, తాత్కాలికమా? ఒక ఫైలులో అది, ఇంకొక ఫైలులో ఇది. నా దగ్గర చదువుకొన్న పిల్లవాడు వ్యాసంలో ఇట్లా వ్రాస్తే ఎర్రసిరాతో సున్నలు చుట్టి ఉందును.

మూడవ రోజున వాడొక కొత్త కాగితాల కట్ట తెచ్చాడు. మ్యాప్ ఫైలు అంటారట. విడివిడి ఫైళ్ళను కంపైలరు అనువదించిన తరువాత, వాటినన్నిటినీ ఒక చోట చేర్చి ఒక్కొక్క పేరుకూ మెమొరీలో ఒక చోటు చూపించేది లింకరు. అది ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టిందో వ్రాసిన జాబితాయే మ్యాప్. వాడికి అది అంకెల అడవి. నాకు అది చూడగానే ప్రాణం లేచివచ్చింది, ఎందుకంటే అది అచ్చం హాజరుపట్టీ! పేరు, పక్కన కొలత, పక్కన ఏ ఫైలు నుండి వచ్చిందో. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ పొద్దున్నే చేసిన పనియే గదా. పెన్సిలు పట్టుకొని ప్రోగ్రాములో ఉన్న ఒక్కొక్క సార్వత్రికాన్నీ పిలుస్తూ, జాబితాలో ఉన్నవాడికి టిక్కు పెట్టుకొంటూ పోయాను. నలభై ఒకటి పిలిచాను. నలభై మందే ఉన్నారు.

తప్పినవాడు కౌంట్. ప్రాణవాయువు ఫైలులో కౌంట్ ఉంది. మోడెమ్ ఫైలులోనూ కౌంట్ ఉంది. జాబితాలో మాత్రం కౌంట్ ఒక్కడే, ఎదురుగా ఒక్క ఫైలు పేరే.

మావాడు కాగితం లాక్కొని చూసి, చాలాసేపు మాట్లాడలేదు.

సంగతి ఇది. సీ భాషలో ఫంక్షను బయట, మొదటి విలువ ఏమీ ఇవ్వకుండ ఒక పేరును ఊరక ప్రకటిస్తే అది సగం పుట్టుక. ఇంకొక ఫైలులో అదే పేరు అట్లాగే కనబడితే, పాత కంపైలర్ల అలవాటు ప్రకారం ఆ పేర్లు "ఉమ్మడి" ఖాతాలో పడతవి. లింకరు వచ్చి, రెండూ ఒకరే కాబోలుననుకొని ఒకే గదిలో పెట్టి తాళం వేస్తుంది. తప్పని గాని, ఇద్దరున్నారని గాని చెప్పదు. ఫోర్ట్రాన్ భాషలో ఫైళ్ళ మధ్య పంచుకొనే కామన్ అనే ఏర్పాటు ఒకటి ఉండేది. ఈ ఔదార్యం దాని చుట్టరికమే. జీసీసీ అనే సుప్రసిద్ధ కంపైలరు 2020లో వచ్చిన పదవ కూర్పు నుండి ఈ అలవాటు మానుకొని, ఒకే పేరు రెండుచోట్ల పుడితే పని ఆపి తప్పు చూపిస్తున్నది. మావాడు వాడుతున్నది ఆ చిప్పుల కోసం వచ్చిన పాత కూర్పు.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రాణవాయువు ఫైలులోని కౌంట్, వరుసగా ఎన్నిసార్లు తక్కువ వచ్చిందో లెక్కపెడుతుంది. మోడెమ్ ఫైలులోని కౌంట్, నిమిషానికొకసారి నెట్‌వర్కును పలకరించి, దొరకకపోతే ఒకటి పెంచుతుంది, దొరికితే సున్న చేస్తుంది. ఇద్దరిదీ ఒకే గది. ఇరవై సెకన్లకు ఒకటి, నలభైకి రెండు, అరవైకి మూడు, ఇంతలో నెట్‌వర్కు దొరికింది, సున్న! మళ్ళీ ఒకటి, రెండు, మూడు, సున్న. ఐదు ఎన్నటికీ రాదు. సిగ్నలు ఎంత బాగుంటే రొయ్యలకు అంత కీడు.

మరి అమలాపురం గదిలో పరీక్షించినప్పుడు మ్రోగింది గదా అంటే, అక్కడ సిమ్ పెట్టలేదు. నెట్‌వర్కు దొరకదు కనుక కౌంట్ సున్న కాకపోగా మోడెమ్ తన వంతు ఒకటి కలిపేది. ఐదో కొలత దాకా ఆగవలసిన సైరను నాలుగో కొలతకే మ్రోగేది. "దీనికి తొందరెక్కువ" అని నవ్వుకొన్నామని వాడే గుర్తు చేసుకొన్నాడు. ఆ ఒక్క కొలత తేడాను ఆనాడే అనుమానించి ఉంటే! కాని అనుకొన్నదానికంటె ముందే మంచి ఫలితం వస్తే ఎవరు అనుమానిస్తారు?

నేను జాబితాలో ఆ తేడాను పట్టుకోగలగడం తెలివి కాదు. నా చేతనే ఒకసారి జరిగింది.

1991. అప్పుడు నేను పనిచేస్తున్న పాఠశాల పేరు, ఊరు చెప్పను. పదవ తరగతికి క్లాసుటీచరును. ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరి పేరూ ఒకటే, ఇంటిపేరు మొదటి అక్షరమూ ఒకటే. ఇంటిపేరు పూర్తిగా వ్రాయడం బద్ధకమై ఒక్క అక్షరం, చుక్క, పేరు వ్రాసేవాళ్ళం. హాజరుపట్టీలో ఇద్దరూ రెండు వరుసలలో ఉండేవారు. పిలిచేటప్పుడు ఒకరిని "పెద్ద" అనీ ఒకరిని "చిన్న" అనీ పిలిచేవాడిని. కాని త్రైమాసిక పరీక్ష మార్కులు వేరే రిజిస్టరులోకి ఎక్కించేటప్పుడు నాలుగు సబ్జెక్టులలో ఒకరివి మరొకరి వరుసలో వ్రాశాను. రాత్రి లాంతరు వెలుగులో, పక్క ఊరి పెళ్ళికి వెళ్ళివచ్చి. ఇవన్నీ సాకులు.

చిన్న అమ్మాయి బాగా చదివేది. ఆమె తండ్రి ఒకనాడు బడికి వచ్చి, "మాస్టారూ, సంబంధం ఒకటి వచ్చింది. పిల్ల బాగా చదువుతుందంటే ఆపుదామని. మీరేమంటారు?" అని అడిగాడు. నేను రిజిస్టరు తెరిచి చూశాను. పిల్ల ముఖం గుర్తుచేసుకొని చెప్పవలసినది, కాగితం చూసి చెప్పాను. "మార్కులు అంతంతమాత్రమేనండీ" అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. మూడు వారాల తరువాత మొత్తాలు కూడుతుంటే తేడా తెలిసింది. సైకిలు వేసుకొని వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద శుభలేఖలకు పసుపు పెడుతున్నారు. మంచినీళ్ళు ఇచ్చారు, త్రాగి వచ్చేశాను.

2009లో అమలాపురం బస్టాండులో ఆమె నన్ను గుర్తుపట్టి దండం పెట్టింది. పక్కన ఇంటర్మీడియేటు చదివే కొడుకు. ఇంటిపేరు మారింది. ఇప్పుడు ఆ ఇద్దరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టినా ఎవరికీ పొరపాటు రాదు. "మీ పద్యాలు ఇప్పటికీ నోటికి వచ్చును మాస్టారూ" అన్నది. నేను ఏమీ చెప్పలేదు.

ఈ సంగతి ఎన్నడూ ఎవరికీ చెప్పనివాడిని ఆ మధ్యాహ్నం అరుగు మీద మావాడికి చెప్పాను. వాడు విని, ఓదార్చలేదు. "సరే మావయ్యా, పేర్లు మార్చుదాం, కూర్చోండి" అన్నాడు.

ఇక ఆ సాయంకాలమూ, మరునాడూ మేము చేసిన నామకరణోత్సవం గురించి చెప్పాలి. నాకిది ఎంతో సంతోషం కలిగించిన పని గనుక కొంచెం విస్తరిస్తాను, సహించండి.

పండిత శిక్షణలో మాకు మొదట నేర్పేది సంజ్ఞలే. చిన్నయసూరి బాలవ్యాకరణం పది పరిచ్ఛేదాలలో మొదటిది సంజ్ఞాపరిచ్ఛేదం. పరుషములు, సరళములు, ద్రుతము, కళలు అని పేర్లు అక్కడ పెట్టి, పుస్తకం చివరిదాకా అవే వాడతాడు. పాణిని మరీ పిసినారి. టి, ఘు, భ అని ఒంటి అక్షరాలు. టి అంటే పదంలో చివరి అచ్చు మొదలుకొని మిగిలిన భాగం. ఘు అంటే దా, ధా రూపాల ధాతువులు. ఈకారాంత, ఊకారాంత స్త్రీలింగ శబ్దాలకు నదీ అని పేరు పెట్టాడు. ఆ లెక్కన గోదావరీ శబ్దం రెండు విధాలా నదియే. "చూశారా, పాణిని కూడ పొట్టి పేర్లే పెట్టాడు, నన్నెందుకు తిడతారు?" అన్నాడు మావాడు.

నేను చెప్పిన సమాధానం ఇది. పాణిని గ్రంథం మొత్తం కంఠస్థం చేసేవాడి కోసం. ఒక్కడు కట్టిన ఇల్లు, అందులో ఘు అనే పేరు మరి దేనికీ లేదు. పైగా ఎంతవరకు ఏది చెల్లుతుందో హద్దులు కట్టాడు. అధికార సూత్రం ఒకటి మొదలైతే దాని ఏలుబడి ఫలానా చోటుదాకా అని ఉంటుంది. ఎనిమిదవ అధ్యాయంలోని చివరి మూడు పాదాలు చేసిన పని, వాటికి ముందున్న సూత్రాల కంటికి కనబడనే కనబడదు. అంత కట్టుదిట్టం ఉన్నవాడు ఒంటి అక్షరం పెట్టుకోవచ్చు. నీ ప్రోగ్రామును రేపు చదివేవాడు కంఠస్థం చేసి రాడు, అర్ధరాత్రి చెరువు గట్టున టార్చిలైటు వెలుగులో చదువుతాడు.

లినక్స్ కెర్నెల్‌కు లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిపెట్టిన రచనానియమాలు కూడ దాదాపు ఇదే చెబుతున్నవని వాడు చూపించాడు. ఫంక్షను లోపల తిరిగే చిన్న లెక్కకు ఐ అన్న ఒక్క అక్షరం చాలు, దానికి పెద్ద పేరు పెట్టడం డాబు. సార్వత్రికానికి మాత్రం చూడగానే అర్థం తెలిసే పేరు ఉండాలి, అదీ నిజంగా అవసరమైతేనే వాడాలి. అర్థం లేని పేరు పెట్టినవాడిని కాల్చిపారేయవచ్చన్నంత కోపంగా వ్రాశాడు ఆ మహానుభావుడు. మా హెడ్మాస్టర్లెవ్వరూ అంత దూరం పోలేదు.

మొదట చేసిన పని పేర్లు పెట్టడం కాదు, సార్వత్రికాలను తగ్గించడం. సీ భాషలో స్టాటిక్ అనే మాట ఒకటి ఉన్నది. ఫైలు నెత్తినున్న పేరుకు ముందు దానిని చేరిస్తే, ఆ పేరు ఆ ఫైలు గడప దాటి బయటకు రాదు. ఫంక్షను లోపలి పేరుకు చేరిస్తే, ఫంక్షను ముగిసినా ఆ విలువ చెడక నిలిచి ఉంటుంది. ఒకే మాటకు ఇన్ని అర్థాలు పెట్టినవారిని నేనైతే క్షమించను, నానార్థాలు నిఘంటువులో ఉండవలసినవి. కాని మందు మంచిది. రెండు కౌంట్ల ముందూ స్టాటిక్ అని ఉండి ఉంటే ఆ చెరువులో రొయ్యలు బ్రతికేవి. ఆ ఒక్క మాటతో నలభై ఒకటిలో ముప్పై ఎవరి ఇంట్లో వారు ఉండిపోయినవి. పదకొండు మిగిలినవి.

వాటికి ఇంటిపేర్లు పెట్టాం. కెర్నెల్ వ్రాసేవారు ప్రతి పేరు ముందూ అది ఏ శాఖకు చెందినదో చెప్పే మాట ఒకటి తగిలిస్తారు. ఇది విని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను, ఇది మన పద్ధతి గదా! ఇంగ్లీషువాడు ఇంటిపేరు వెనుక పెట్టుకొంటాడు. మనం ముందు. హంగేరీవారు కూడ ముందే వ్రాస్తారు. అక్కడ పుట్టిన చార్లెస్ సిమోనీ, పేరు ముందు దాని జాతిని సూచించే అక్షరాలు తగిలించే పద్ధతిని ప్రచారంలోకి తెస్తే దానికి హంగేరియన్ పద్ధతి అని పేరు పడింది. కంపైలరుకు ముందే తెలిసిన జాతిని మళ్ళీ పేరులో చెప్పడం దండగ అని కెర్నెల్‌వారు దానిని ఈసడిస్తారు. నాకూ అంతే అనిపించింది. ఏ ఇంటివాడో చెప్పు, ఏ కులంవాడో అడగలేదు.

మా కోనసీమలో ఊళ్ళకే ఈ ఏర్పాటు ఉన్నది. విమానాశ్రయం ఉన్న గన్నవరం వేరు, వైనతేయ మీద అక్విడక్టు ఉన్న మా పి.గన్నవరం వేరు. ప్రాజెక్టు కడుతున్న పోలవరం వేరు, మా ఐ.పోలవరం వేరు. ఆ "పి" అంటే ఏమిటని అడిగితే టపాలు బట్వాడా చేసేవాడే తడుముకొంటాడు, అయినా ఉత్తరం దారి తప్పదు. ఐతే మేము ఒక్క అక్షరంతో ఊరుకోలేదు. 1991లో ఒక్క అక్షరమే నా కొంప ముంచింది. ప్రాణవాయువు శాఖకు "చెరువు" అనీ, సందేశాల శాఖకు "తపాలా" అనీ పూర్తి మాటలు, ఇంగ్లీషు అక్షరాలలోనే, పెట్టాం. తెలుగు లిపిలోనే పెట్టాలని నాకు మహా ఆశ. జీసీసీ ఆ పదవ కూర్పు నుండి అదీ ఒప్పుకొంటుందట. ఈ పాత కూర్పు ఒప్పుకోదు. నోరూరింది గాని మానుకొన్నాను.

తరువాత కొలతలు. కాలం అయితే మిల్లీసెకన్లా సెకన్లా, ప్రాణవాయువు అయితే మిల్లీగ్రాములా దానికి నూరు రెట్లా, అది పేరు చివరనే ఉండాలని మావాడి పట్టు. 1999లో అంగారకుని దగ్గరకు పోయిన అమెరికా నౌక ఒకటి, ఒక జట్టు పౌండ్లలోనూ మరొక జట్టు న్యూటన్లలోనూ లెక్కలు వేసుకొన్నందున నాశనమైనదని చెప్పాడు. నిడివి పెరుగుతుందేమోనంటే పరవాలేదన్నాడు. 1989 నాటి సీ ప్రమాణం ప్రకారం ఫైళ్ళ మధ్య కనబడే పేరులో మొదటి ఆరు అక్షరాలను గుర్తిస్తే చాలు, 1999 ప్రమాణంలో ముప్పైయొకటి చేశారు. యూనిక్స్ కట్టిన కెన్ థాంప్సన్‌ను మళ్ళీ అవకాశం వస్తే ఏమి మార్చుతావని అడిగితే, క్రియేట్ అనే పేరు చివర తాను వదిలేసిన 'ఇ' అక్షరం చేరుస్తానన్నాడట. ఒకసారి పదిమంది వాడకంలో పడిన పేరు ఇక దిద్దడానికి లొంగదు. బెజవాడ విజయవాడ అయి ఎన్ని దశాబ్దాలు గడిచినా రైలు టిక్కెట్టు మీద ఇప్పటికీ బి.జడ్.ఏ. అనే ఉంటుంది. అందుకే గడప దాటి బయటకు పోయే ఆ పదకొండు పేర్ల మీదనే రెండు పూటలు వెచ్చించాం.

చివరగా తాళాలు. ఎనిమిది బిట్ల చిప్పు పదహారు బిట్ల అంకెను రెండు విడతలుగా చదువుతుంది. మొదటి సగం చదివి రెండో సగానికి చేయి చాచేలోపల ఇంటరప్టు వచ్చి అంకెను మార్చిపోతే, తలకాయ ఒకరిది, మొండెం ఒకరిది అవుతుంది. కాబట్టి చదివేంతసేపూ ఇంటరప్టులు ఆపి ఉంచాలి. పెద్ద యంత్రాలలో దీనికి లాకులు వాడతారన్నాడు. కాలువ లాకుల దగ్గర పుట్టి పెరిగినవాడిని, ఆ మాటకు నాకు వివరణ అక్కరలేదు. ఒక తలుపు మూస్తేనే రెండో తలుపు తీయాలి. లినక్స్‌లో 1996 నుండి కెర్నెల్ మొత్తానికీ ఒకే పెద్ద తాళం ఉండేదట. ఒకరు లోపలుంటే మిగిలినవారందరూ వాకిట్లో. దానిని కొంచెం కొంచెంగా విడగొట్టి పూర్తిగా తీసివేసేసరికి 2011 వచ్చింది. అందరిదీ అన్నదానిని ఎవరిది వారికి పంచిపెట్టడానికి అంత కాలం పడుతుంది. ఉమ్మడి ఆస్తి దావాలు ఎరిగినవారికి వింత కాదు.

అన్నీ అయిన తరువాత మళ్ళీ మ్యాప్ తీయించి, మళ్ళీ హాజరు వేశాను. పదకొండుకు పదకొండు.

మరునాడు రాజోలు వైపు వెళ్ళాం. నేనూ వస్తానన్నాను. నష్టంలో సగం ఏడాదిలోగా విడతలుగా ఇవ్వడానికి మావాడు ముందే ఒప్పుకొని ఉన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో రైతు అడగలేదు, అడిగినా ఆయనకు తెలిసే దారి లేదు. కొలమానం పాడైందంటే నమ్మేవాడే. బస్సులో ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, పైకి అనలేదు.

ఎండిపోయిన చెరువు గట్టున నిలబడి వాడు మొత్తం చెప్పాడు. రెండు లెక్కలు, ఒకే పేరు, ఒకటి పెంచుతుంటే రెండోది చెరిపేయడం. కర్రపుల్లతో నేల మీద ఒకటి, రెండు, మూడు, సున్న అని గీసి చూపించాడు. రైతు ఆ గీతలకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"మొదటి పేరు నువ్వు పెట్టావు. ఆ రెండోది ఎవరు పెట్టారు బాబూ?" అన్నాడు.

"అదీ నేనేనండీ" అన్నాడు మావాడు.